కొట్టంలోకి మన గేదె కూడా రావచ్చు



డిసెంబరు నెల వచ్చిందంటే మా దుగ్గిరాల చుట్టుపక్కల రెండు పనులు ఒక్కసారే మీదపడతాయి. ఒకటి వరికోతలు, కుప్ప నూర్పిళ్ళు. రెండోది, మాలాంటి వాళ్ళ ఇళ్ళల్లో, క్రిస్మసు పండుగ. ఒకపక్క ఇంటికి వెల్లవేయించుకుంటూ, మరోపక్క అరిసెలకు బియ్యం నానబోసుకుంటూ వుంటే పిల్లలు కాళ్ళకడ్డం పడుతుంటారు. "అమ్మా, నక్షత్రం ఎప్పుడు కడతావు? పశువుల పాక ఎప్పుడు వేస్తావు?" అని. "వుండండర్రా, తీరికయ్యాక చూద్దాం" అంటాం. ఆ తీరిక ఎప్పటికీ కాదు. చివరికి ఇరవైమూడో తారీఖున తెనాలి బజారుకు పరుగెత్తి, ఒక ప్లాస్టిక్ నక్షత్రమూ ఒక పెట్టె బొమ్మలూ కొనుక్కొచ్చి, పండుగ అయిందనిపిస్తాం.

కొనడం తప్పని నేను అనను. కానీ పిల్లలకు పండుగ అంటే ఆ ఒక్కరోజు కాదు, దానికి ముందు నెల రోజులు. ఆ నెల రోజులూ వాళ్ళ చేతులకు పని వుంటే పండుగ వాళ్ళదవుతుంది. లేకపోతే మనం చేసిన పండుగకు వాళ్ళు చుట్టాల్లాగా వస్తారు. అయితే పని వాళ్ళ చేతికి ఇవ్వడం ఒక ఎత్తు, ఇచ్చాక మన చెయ్యి వెనక్కి తీసుకోవడం మరో ఎత్తు. ఈ రెండోది నేను ఒక తప్పు చేసి నేర్చుకున్నాను. ఆ సంగతి కూడా చెబుతాను.

ముందు ఈ పండుగ ఎరగని సోదరీమణుల కోసం రెండు మాటలు. మా గుంటూరు కతోలిక మేత్రాసనం 1940లో ఏర్పడింది. అంతకు ముందు మేము నెల్లూరు మేత్రాసనం కింద వుండేవాళ్ళం. ఫిరంగిపురం లాంటి వూళ్ళల్లో కతోలికులు ఇంకా చాలా ముందునించీ వున్నారు. జోజి, రాయప్ప, చిన్నప్ప, సౌరి అనే పేర్లు మీరు వినే వుంటారు. జోజి అంటే జోసెఫ్, రాయప్ప అంటే పేతురు, చిన్నప్ప అంటే పౌలు, సౌరి అంటే జేవియర్. పేర్లు ఇలా మన నోటికి తగ్గట్టు మారినట్టే, పండుగ ఆచారాలు కూడా మన చేలకూ మన వాకిళ్ళకూ తగ్గట్టు మారాయి. ఇది చెప్పడం ఎందుకంటే, పండుగ సామాను ఎక్కడో దొరకాలని చాలామంది అనుకుంటారు. నిజానికి దానికి కావలసినవన్నీ మన పెరట్లోనే వున్నాయి.

క్రిస్మసుకు ముందు వచ్చే నాలుగు ఆదివారాలను ఆగమన కాలం అంటారు. నవంబరు 30కి దగ్గరగా వచ్చే ఆదివారంతో అది మొదలవుతుంది. ఈ రోజుల్లో గుడిలో ఫాదరుగారు వూదారంగు వస్త్రాలు వేసుకుంటారు. ఎదురుచూపుకు గుర్తు అది. ఇంట్లో కూడా వారానికో పని పెట్టుకుంటే పిల్లలకు ఎదురుచూడడం అంటే ఏమిటో చెప్పకుండానే తెలుస్తుంది.

మొదటి వారం నక్షత్రం. వెదురుబద్దలు రెండడుగుల పొడవున పది కావాలి. ఐదు బద్దలతో ఒక నక్షత్రం కట్టండి. బద్దలు ఒకదాని మీద ఒకటి దాటేచోట కూడా పురికొసతో ముడెయ్యాలి. లేకపోతే జారిపోతుంది. ఇలాంటివి రెండు చేసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, ఐదు కొనలూ కలిపి కట్టెయ్యండి. ఇప్పుడు మధ్యలో, బద్దలు దాటుకునే ఐదు చోట్లా, నాలుగంగుళాల పుల్లలు రెండు నక్షత్రాలకూ నడుమ ఆనించి కట్టండి. అప్పుడది పొట్ట ఉబ్బి నిండుగా వస్తుంది. పైన గాలిపటాల కాగితం అంటించాలి. వెనకవైపు ఒక ముక్క అంటించకుండా వదిలేస్తే బల్బు పెట్టుకోవడానికి వీలు. వేడెక్కని చిన్న ఎల్.ఇ.డి. బల్బు చాలు. కాగితం నక్షత్రంలో కొవ్వొత్తి మాత్రం ఎవరు చెప్పినా పెట్టకండి. కోతల రోజుల్లో చుట్టూ గడ్డివాములుంటాయి.

జిగురుకు మైదా వుడికించుకుంటే సరి. పూర్వం పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపేవాళ్ళు. అది విషం. పిల్లలు వేళ్ళు నాకుతారు. మనకు నెల రోజులు నిలిస్తే చాలు కాబట్టి అది వద్దు.

రెండో వారం మట్టి బొమ్మలు. కాలవ గట్టు మట్టి తెచ్చి, రాళ్ళూ వేళ్ళూ ఏరి, ఒక రాత్రి నానబెట్టండి. వుత్త నల్లమట్టి ఆరేటప్పుడు నెర్రెలు విచ్చుతుంది. కాస్త సన్న ఇసుక, గుప్పెడు వరి వూక కలిపి బాగా పిసకాలి. పిసకడం పిల్లలకే వదిలెయ్యండి, వాళ్ళకు అంతకన్నా సంతోషం లేదు. బొమ్మ జానెడుకు మించనివ్వకండి. పశువుల బొమ్మలకు సన్నని కాళ్ళు నిలవవు, అందుకని పడుకున్న పశువును చేయించండి. మరియతల్లిని కూర్చున్నట్టు చేస్తే పడిపోదు. ఎండలో పెడితే పగుళ్ళిస్తాయి. నీడలోనే నాలుగైదు రోజులు ఆరనివ్వాలి.

మూడో వారం రంగులు. మా దుగ్గిరాల పసుపు సంగతి మీకు చెప్పనక్కరలేదు. గోరువెచ్చని నీళ్ళలో పసుపు కలిపి, కాస్త గంజి పోస్తే పచ్చని రంగు తయారు. అందులోనే చిటికెడు సున్నం వేస్తే కళ్ళముందే ఎర్రగా మారిపోతుంది. కాళ్ళకు పెట్టుకునే పారాణి అదేగదా! మనకది మామూలే గాని, పిల్లలు మొదటిసారి చూసినప్పుడు వాళ్ళ మొహాలు చూడాలి. సున్నం మాత్రం మీరే కలపండి, కంట్లో పడితే ప్రమాదం. మరియతల్లి పైటకు బట్టల నీలిమందు, నలుపుకు బొగ్గుపొడి, తెలుపుకు సుద్ద సరిపోతాయి. పసుపు రంగు ఎండ తగిలితే వెలిసిపోతుంది కనుక పాకను వెలుతురు సూటిగా పడని మూల పెట్టుకోండి.

నాలుగో వారం పాక. నాలుగు పుల్లలు, రెండు తాటాకులు, కొత్త వరిగడ్డి. పండుగ సరిగ్గా కోతల కాలంలో రావడం మన అదృష్టం. వెనక పచ్చగా కనపడడానికి సరుగుడు కొమ్మలు పెడతాం. బాపట్ల వైపు సముద్రపొడ్డున సరుగుడు తోటలున్నాయిగదా. చలిదేశాల్లో క్రిస్మసు చెట్టుకు వాడే కొమ్మల్లాగే సన్నని ఆకుతో వుంటుందది.

పాకలో గడ్డిని గురించి ఒక ఆచారం వుంది. ఆగమన కాలంలో పిల్లలు మంచిపని చేసినప్పుడల్లా ఒక గడ్డిపరక తెచ్చి ఖాళీ తొట్టెలో వేస్తారు. క్రిస్మసు రాత్రికి బాలయేసు పడుకోవడానికి మెత్తగా తయారవ్వాలన్నమాట. బాలయేసు బొమ్మను ఆ రాత్రి దాకా పెట్టం. గుళ్ళో నడిరేయి పూజ అయి ఇంటికొచ్చాక, అందరిలో చిన్నపిల్ల చేత పెట్టిస్తాం. మొదటి ఏడు నేను ఎవరు ఎన్ని పరకలు వేశారో పుస్తకంలో రాశాను. వారం తిరక్కుండా మా పెద్దమ్మాయీ చిన్నవాడూ పరకల కోసం జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. పుస్తకం పొయ్యిలో పెట్టి, "ఎవరు వేశారో ఎవరికీ చెప్పకూడదు, నాక్కూడా చెప్పకూడదు" అన్నాను. అప్పటినించి గొడవలేదు. గడ్డి కూడా ఎక్కువే పడింది.

ఇక నా తప్పు సంగతి. అప్పుడు మా చిన్నవాడికి ఆరేళ్ళు. పాకలోకి ఎద్దును చెయ్యమని మట్టి ఇచ్చాను. రెండు సాయంత్రాలు కూర్చుని చేశాడు. కొమ్ములు వెనక్కి తిరిగి, పొట్ట లావుగా, మొహం పొడుగ్గా వుంది. ఆ ఏడు పండుగకు మా చుట్టాలు వస్తామన్నారు. వాళ్ళు చూస్తే నవ్విపోతారనిపించింది నాకు. పిల్లలు పడుకున్నాక దీపం దగ్గర కూర్చుని, మట్టి ఇంకా పచ్చిగానే వుంది గనక, కొమ్ములు పైకి లేపి, మూపురం పెట్టి, పొట్ట తగ్గించి చక్కని ఎద్దును చేశాను. తెల్లారి వాడు చూసి, "నా గేదె ఏది?" అన్నాడు.

వాడు చేసింది గేదెను. రోజూ పొద్దున్నే మా అత్తగారు పాలు పితుకుతుంటే పక్కన నిలబడి చూసే గేదె అది. "ఇదిగోరా, ఇదే. కాస్త బాగుచేశాను" అన్నాను. "ఇది నాది కాదు" అని వెళ్ళిపోయాడు. ఏడవలేదు, పేచీ పెట్టలేదు. ఆ తరవాత మట్టి ముట్టుకోలేదు. పండుగ నాటి రాత్రి మా చెల్లెలి పాప బాలయేసును తొట్టెలో పెడుతుంటే అందరూ పాక చుట్టూ చేరారు, వాడు మాత్రం గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. చుట్టాలందరూ ఎద్దు బాగుందన్నారు. ఆ మెప్పు నాకు ముల్లులా గుచ్చుకుంది.

మా అత్తగారు పెద్దగా చదువుకోలేదు. ఆవిడే నాతో అన్నారు: "బాలయేసు మన ఊళ్ళో పుడితే మన గొడ్లసావిట్లోనేగదమ్మా పడుకునేది? మన సావిట్లో గేదె లేకుండా ఎట్టా వుంటది?"

నేను తరవాత సువార్త తీసి చూశాను. లూకా సువార్తలో బిడ్డను పశువుల తొట్టెలో పడుకోబెట్టారని వుంది గాని, ఆ పశువులేవో లేదు. ఎద్దూ గాడిదా యెషయా ప్రవక్త గ్రంథం మొదటి అధ్యాయంలోని మాటను బట్టి తరవాత వాళ్ళు చేర్చినవి. రాజులు ముగ్గురని కూడా లేదు. కానుకలు మూడు గనక మనుషులు ముగ్గురన్నారు. ఈ పాక పెట్టే ఆచారానికి ఎక్కువ పేరు తెచ్చినవారు అస్సీసిపుర ఫ్రాన్సిసు. 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే వూళ్ళో, క్రిస్మసు రాత్రి, నిజమైన ఎద్దునూ గాడిదనూ తెప్పించి, గడ్డి పరిపించి, వూరివాళ్ళందరినీ పిలిచారు. 2023తో దానికి ఎనిమిది వందల ఏళ్ళు నిండాయి. ఆయన కూడా ఆ వూరి జనం రోజూ చూసే పశువులనే తెచ్చారు. మావాడు చేసిందీ అదే. మధ్యలో నేను చెయ్యిపెట్టాను.

వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, "తప్పు నాదేరా. నిన్నడక్కుండా నీ బొమ్మ ముట్టుకోకూడదు" అన్నాను. పెద్దవాళ్ళం పిల్లల ముందు ఆ మాట అనడానికి ఎంత బరువుగా వుంటుందో! వాడు ఏమీ అనలేదు. క్రిస్మసు వెళ్ళిన పది రోజులకు, ముగ్గురు రాజుల పండుగ ముందురోజు, కాలవగట్టు నించి గుప్పెడు మట్టి తెచ్చుకుని వాడంతట వాడే కూర్చున్నాడు. రాజులను పాకలో పెడుతుంటే వాళ్ళ వెనకే తన గేదెను పెట్టాడు. రంగు కూడా వెయ్యలేదు. "రాజులు బంగారం తెచ్చారు, మనం పాలు తెచ్చాం" అన్నాడు. ఆ గేదె ఇప్పటికీ మా ఇంట్లో వుంది. ఒక కొమ్ము విరిగింది. ప్రతి ఏడూ దానిదే మొదటి చోటు.

అందుకని చెబుతున్నాను. పిల్లలు చేసింది వంకరగా వుంటుంది. వుండనివ్వండి. నెర్రె విచ్చితే మట్టి ఎలా మెత్తాలో చూపించండి, మెత్తడం వాళ్ళనే మెత్తనివ్వండి. చేతికి సాయం కావాలంటే అడుగుతారు, అడిగినప్పుడే వెళ్ళండి.

చేసినవి పదిమందికీ చూపించనివ్వండి కూడా. పండుగ నాడు మేము అరిసెలూ చక్రాలూ పళ్ళెంలో పెట్టి పక్కింటికి పంపితే, వాళ్ళ పిల్లలు పాక చూడడానికి వస్తారు. మళ్ళీ సంక్రాంతికి వాళ్ళు బొమ్మల కొలువు పెడితే మా పిల్లలు వెళతారు. మెట్లమీద బొమ్మలు ఎలా అమర్చాలో మా పెద్దమ్మాయి అక్కడే నేర్చుకుంది.

ఈ చేతిపని క్రిస్మసుతో ఆగనక్కరలేదు. మార్చిలోనో ఏప్రిల్లోనో మట్టల ఆదివారం వస్తుంది. గుడిలో ఆశీర్వదించి ఇచ్చిన ఈతాకునో కొబ్బరాకునో పిల్లలు చిన్న సిలువగా మడిచి అల్లుతారు. అది ఏడాది పొడుగునా పటం వెనక వుంటుంది. మరుసటి ఏడు విభూది బుధవారానికి ముందు ఆ ఎండుటాకులు గుడికి తిరిగిస్తే, వాటిని కాల్చిన బూడిదే మన నుదుట పెడతారు. తన చేత్తో అల్లిన ఆకు ఏడాదికి తన నుదుటి మీదికి వచ్చిందని తెలిస్తే, పిల్లలు ఆ రోజును మరిచిపోరు.

ఈసారి నవంబరు నెలాఖరుకు ఇంత కాలవమట్టి తెచ్చి తడిగుడ్డ కప్పి వుంచండి. మిగతాది పిల్లలు చూసుకుంటారు. పాకలోకి గేదె వచ్చినా, కోడి వచ్చినా, వూరకుక్క వచ్చినా కాదనకండి. సెలవు.