పిడుదు కాటు - కోతి జ్వరము

పశువుల చెవులలోను, గంగడోలు క్రిందను కరచిపట్టుకొని యుండు పిడుదులను ఎరుగని రైతు లేడు. కొన్ని ప్రాంతములవారు వీనిని గోమార్లందురు. పశువు నెత్తురు పీల్చి పాడి తగ్గించు పురుగుగానే మనము దీనిని లెక్కించుచున్నాము. మనుష్యునకు సైతము ఇది ప్రాణాంతకమైన వ్యాధిని తేగలదని 1957 లో మన పొరుగు రాష్ట్రమున బయటపడినది.

ఆ సంవత్సరము శివమొగ్గ జిల్లా సొరబ తాలూకాలోని క్యాసనూరు అడవిలో కోతులు అనేకము చచ్చిపడినవి. ఆ కాలముననే చేరువ పల్లెలవారికి తీవ్రమైన జ్వరము సోకెను. కోతుల చావును చూచి, ఆఫ్రికా ఖండమందలి పచ్చజ్వరము మన దేశమున ప్రవేశించినదేమో యని మొదట శంకించిరి. పూనాలోని వైరస్ పరిశోధన కేంద్రమువారు పరీక్షింపగా, అంతవరకు ఎవరును ఎరుగని వేరొక వైరస్ అని తేలినది. కన్నడిగులు దీనిని మంగన కాయిలె, అనగా కోతి జబ్బు, అందురు. తరువాతి కాలమున వైనాడు, గోవా, సింధుదుర్గము ప్రాంతములలోను ఇది కనిపించినది.

పడమటి కనుమల వ్యాధి మన పంచాయతీకేల యని సభ్యులు అడుగవచ్చును. మన పల్లెలనుండి కళాశాలలకు పోయిన పిల్లలు చదువు నిమిత్తమో, విహారము నిమిత్తమో ఆ అడవులకు పోవుచుందురు. గొర్రెల కాపరి ఇల్లు చేరగానే పంచె దులిపి ఒళ్ళు చూచుకొనును. పట్టభద్రుడగు కుర్రవాడు రాలిన ఆకులపై హాయిగా పరుండును! ఈ విషయమున కాపరియే చదువరి.

డిసెంబరు మొదలు మే వరకు ప్రమాదము హెచ్చు. అప్పుడు కరచునది పెద్ద పిడుదు కాదు, ఆవగింజకన్న చిన్నదగు పిల్ల పిడుదు. కాటు నొప్పి పుట్టదు గనుక పట్టినట్లే తెలియదు. కరచిన 3 మొదలు 8 దినములలో హఠాత్తుగా జ్వరము, తలనొప్పి, తాళజాలని కండరముల నొప్పులు, వాంతులు వచ్చును. కొందరికి ముక్కునుండి, చిగుళ్ళనుండి రక్తము కారును. నూటికి 3 నుండి 5 మంది మరణింతురు. వైరస్‌ను చంపు ప్రత్యేకమైన మందు లేదు. పూర్వము వాడిన టీకా తగినంత రక్షణ నీయకుండుటచే దానిని నిలిపివేసిరి. అయినను రోగిని సకాలమున ఆసుపత్రికి చేర్చిన, శరీరమున నీరు తగ్గకుండ చూచి, రక్తస్రావమునకు చికిత్స చేసి కాపాడుటకు వీలగును. ఒకరినుండి మరియొకరికి ఇది అంటదు, కావున రోగిని వెలివేయుట తగదు.

అడవికి పోవువారు నిండు చేతుల చొక్కా తొడిగి, లాగు అంచులను మేజోళ్ళలోనికి దోపుకొనవలెను. పురుగులు రాకుండ చేయు తైలమును పూసుకొనవలెను. తిరిగివచ్చిన వెంటనే సబ్బుతో స్నానము చేసి చంకలు, గజ్జలు, మోకాళ్ళ వెనుక భాగము వెదకవలెను. పిడుదు కనిపించినచో బీడీతో కాల్చుట, కిరోసిను పోయుట మన అలవాటు. అది తప్పు. సన్నని పట్టకారుతో చర్మమునకు ఆనించి పట్టి, నలుపక, మెలిపెట్టక నిదానముగా పైకి లాగవలెను. పిమ్మట జ్వరము వచ్చినచో అడవికి పోయిన సంగతి వైద్యునకు తామై చెప్పవలెను. చెప్పనిచో ఆయన మలేరియా యని తలచుటకు అవకాశము కలదు.

కోతి చచ్చిన చోటు మిక్కిలి అపాయకరము. కళేబరము చల్లబడగానే పిడుదులు దిగి చుట్టును చేరును. అందుచే వ్యాధి గల జిల్లాలలో ఆ చోటునకు 50 అడుగుల మేర పురుగుమందు చల్లుదురు. మన ఊళ్ళలో కోతులు విద్యుత్తీగలు తగిలియు చచ్చును గనుక ఒక్క కోతి చావునకే బెదరనక్కరలేదు. అడవి అంచున వరుసగా చచ్చుచున్నచో మాత్రము ఎవరిని ముట్టనీయక, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకును అటవీ సిబ్బందికిని ఆనాడే కబురు పంపవలెను.