ఉష్ణకాలపు పచ్చికలో కలుపు, తెగుళ్ళు

ఉష్ణకాలపు పచ్చిక అనగా వెచ్చని వాతావరణంలో బాగా పెరిగే గడ్డి జాతులతో ఇంటి ముందు గానీ పెరటిలో గానీ పెంచే పచ్చిక. వాడుకలో దీనిని లాన్ అంటారు. ఇటువంటి పచ్చికకు నష్టం కలిగించేవాటిలో కలుపు మొక్కలు, శిలీంధ్రాల వలన వచ్చే తెగుళ్ళు ముఖ్యమైనవి. అయితే గడ్డి పసుపుపచ్చగా మారినప్పుడల్లా అది తెగులే కానక్కరలేదు. నీటి ఎద్దడి, నీరు నిలవడం, నీడ, పోషకాల లోపం, పదును లేని కోత యంత్రం కూడా ఇంచుమించు అవే లక్షణాలను కలిగిస్తాయి. కారణం తెలియకుండా మందు చల్లితే డబ్బు వృథా కావడమే గాక, పచ్చికపై ఆడుకునే పిల్లలకు, కోసిన గడ్డిని మేసే పశువులకు హాని కలుగుతుంది. అందువలన చికిత్స కంటే ముందు కారణాన్ని నిర్ధారించడం అవసరం.

గడ్డి జాతులు

ఉష్ణకాలపు గడ్డి జాతులు సి-4 పద్ధతిలో కిరణజన్య సంయోగక్రియ జరుపుతాయి. ఇవి 27 నుండి 35 డిగ్రీల సెంటీగ్రేడు ఉష్ణోగ్రతలో చురుకుగా పెరుగుతాయి. చలి ఎక్కువైన ప్రాంతాలలో శీతాకాలంలో గోధుమరంగుకు మారి నిద్రావస్థలోకి పోతాయి. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో సాధారణంగా పూర్తి నిద్రావస్థ ఉండదు గానీ డిసెంబరు, జనవరి నెలలలో పెరుగుదల మందగిస్తుంది.

* గరిక (సైనోడాన్ డాక్టిలాన్): వినాయక చవితి పూజలో వాడే గరిక, పొలంలో రైతు కలుపుగా పీకివేసే గరిక, లాన్లలో పెంచే గరిక ఒకే జాతికి చెందినవి. దీనికి రోజుకు కనీసం 6 గంటల ఎండ కావాలి. దీని సంకరాలలో ప్రసిద్ధమైన టిఫ్వే 419 రకం అమెరికాలోని జార్జియా రాష్ట్రం, టిఫ్టన్ పరిశోధనా కేంద్రం నుండి 1960లో విడుదలైంది. ఈ సంకరం గింజ కట్టదు కాబట్టి తీగ ముక్కలు నాటి పెంచుతారు.
* జోయ్సియా: మనీలా గడ్డి, కొరియన్ గడ్డి ఈ ప్రజాతిలోనివి. నెమ్మదిగా పెరిగి దట్టమైన తివాచీ వలె అల్లుకుంటాయి. గరిక కంటే నీడను కొంత ఎక్కువగా తట్టుకుంటాయి.
* సెయింట్ అగస్టీన్ గడ్డి, సెంటిపీడ్ గడ్డి: అమెరికా దక్షిణ రాష్ట్రాలలో ఎక్కువ. టెక్సాస్, జార్జియా వంటి చోట్ల స్థిరపడిన తెలుగువారి ఇళ్ళ ముందు సాధారణంగా కనిపించేవి ఇవీ, గరికా, జోయ్సియాలే.

కారణ నిర్ధారణ

తెగులు రావడానికి మూడు కలవాలి: లొంగే గడ్డి, వ్యాధికారక జీవి, దానికి అనువైన వాతావరణం. వీటిలో ఒకటి లేకపోయినా తెగులు రాదు. పరిశీలన ఈ క్రమంలో సాగిస్తే పొరపాట్లు తగ్గుతాయి.

* ఆకారం: తిన్నని చారలుగా పసుపు పడితే ఎరువు చల్లడంలో లేదా కోతలో లోపం అయి ఉంటుంది. గుండ్రని మచ్చలు లేదా వలయాలు శిలీంధ్రాన్ని సూచిస్తాయి. గోడ వెంట, చెట్టు కింద మాత్రమే గడ్డి పలచబడితే కారణం వేడి లేదా నీడ.
* సమయం: మచ్చలు ఏ ఋతువులో, వాన తరువాతా లేక ఎండ తరువాతా మొదలైనవో గుర్తించాలి.
* ఆకు: తెల్లవారుజామున మంచు ఆరకముందు మచ్చ అంచున ఉన్న ఆకులను చూడాలి. వ్యాధి చురుకుగా ఉండేది అంచునే. నడుమ ఎండిన గడ్డిలో ఆధారాలు దొరకవు.
* కాండం, వేరు: కాడను పట్టి లాగినప్పుడు మొదలు కుళ్ళి సులభంగా ఊడివస్తే శిలీంధ్రం, గడ్డి మొత్తం చాప వలె చుట్టుకొని వస్తే వేరు పురుగు అని అనుమానించాలి.
* నేల: స్క్రూడ్రైవరును నేలలో గుచ్చి చూడాలి. తడి నేలలో కూడా అది దిగకపోతే నేల గట్టిపడిందని అర్థం. పొడిగా ఉన్నప్పుడు మాత్రమే దిగకపోతే నీరు చాలడం లేదని అర్థం.

కలుపు మొక్కలు

కలుపు చాలావరకు పచ్చిక పలచబడటానికి కారణం కాదు, దాని ఫలితం. దట్టమైన గడ్డిలో కలుపు గింజకు వెలుతురు అందదు. ఏ కలుపు వచ్చిందన్నది నేల పరిస్థితిని కూడా తెలుపుతుంది.

తుంగ (సైపరస్ రొటండస్)

పచ్చికలో అన్నింటికంటే మొండి కలుపు తుంగ. చూపునకు గడ్డి వలె ఉన్నా ఇది గడ్డి కాదు. కాడను వేళ్ళ మధ్య తిప్పితే మూడు పలకలు తెలుస్తాయి. ఆకులు మూడు వరుసలలో ఉంటాయి. కోసిన రెండు మూడు రోజులకే పచ్చిక కంటే ఎత్తుగా లేస్తుంది. భూమిలో గొలుసు వలె దుంపలు వరుసగా ఉంటాయి. వైద్యంలో వాడే తుంగముస్తలు ఇవే. పైన పీకితే కాడ తెగి, నిద్రలో ఉన్న దుంపలు మొలకెత్తుతాయి. ఒకసారి పీకి వదిలితే తుంగ తగ్గకపోవడానికి కారణం ఇదే.

మొక్క 5 లేదా 6 ఆకులు వేయకముందే, అనగా కొత్త దుంపలు కట్టకముందే, తవ్వి తీస్తూ ఉంటే దుంపలలోని నిల్వ ఆహారం క్రమంగా తరిగిపోతుంది. ఇది కొన్ని నెలల పని. పచ్చిక వేయకముందు వేసవిలో నేలను లోతుగా తవ్వి దుంపలను ఏరి ఎండబెట్టడం మేలైన మార్గం. హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ అనే మందు గరిక, జోయ్సియాలకు అంతగా హాని చేయకుండా తుంగను అణచగలదు. భారతదేశంలో దీనిని చెరకు తోటలలో తుంగ నివారణకు వాడుతున్నారు. దీనితోనూ ఒక్క పిచికారీ చాలదు.

వెడల్పాటి ఆకుల కలుపు

గడ్డి చామంతి, పులిచింత, రెడ్డివారి నానుబాలు, నేల ఉసిరి, గంగవావిలి, అత్తిపత్తి, పల్లేరు ఈ తరగతిలోనివి. పులిచింత కాయ ముట్టగానే పగిలి గింజలను దూరంగా చిమ్ముతుంది, కాబట్టి కాయ పట్టకముందే తీయాలి. రెడ్డివారి నానుబాలు తుంచితే పాలు కారుతాయి. వయ్యారిభామ పలచబడిన పచ్చికలో మొలిస్తే పూత రాకముందే చేతికి తొడుగు వేసుకొని పీకాలి, ఎందుకంటే దాని స్పర్శ, పుప్పొడి కొందరికి చర్మవ్యాధిని, ఉబ్బసాన్ని కలిగిస్తాయి.

వీటిపై 2,4-డి వంటి మందులు పనిచేస్తాయి. 1940లలో వాడుకలోకి వచ్చిన ఈ మందు వెడల్పాటి ఆకుల మొక్కలను చంపి గడ్డిని వదిలివేస్తుంది. అయితే సెయింట్ అగస్టీన్, సెంటిపీడ్ గడ్డులు దీనికి కొంత దెబ్బతింటాయి. దీని తుంపరలు గాలికి కొట్టుకుపోతే పక్కనున్న పత్తి, టమాటా, ద్రాక్ష ఆకులు మెలిపడి ముడుచుకుంటాయి. చిన్న పెరటికి చేతితో పీకడమే క్షేమకరం.

గడ్డి జాతి కలుపు

రాగికి దగ్గరి బంధువైన ఎల్యూసిన్ ఇండికా గట్టిగా తొక్కుడు పడిన నేలలో వస్తుంది. దీని మొదలు వెండి వలె తెల్లగా మెరుస్తూ, చక్రం ఆకుల వలె నేలకు అంటుకొని ఉంటుంది. ఊద జాతులు నీరు నిలిచే చోట వస్తాయి. పచ్చికా, కలుపూ రెండూ గడ్డే కాబట్టి మొలిచిన తరువాత వీటిని మందుతో వేరు చేయడం కష్టం. పెండిమిథాలిన్ వంటి మందులు గింజ మొలకెత్తే దశలోనే పనిచేస్తాయి, కాబట్టి వానలకు ముందే వేసి తేలికగా నీరు పెట్టాలి. కొత్తగా నాటిన పచ్చికలో వీటిని వేస్తే గడ్డి వేరు కూడా పట్టదు. గ్లైఫోసేట్ కలుపుతో పాటు పచ్చికను కూడా చంపుతుంది. భారత ప్రభుత్వం 2022 అక్టోబరులో దీని వాడకాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకు పరిమితం చేస్తూ ఉత్తర్వు జారీ చేసింది.

తెగుళ్ళు

* పెద్ద మచ్చ తెగులు: రైజోక్టోనియా సొలాని అనే శిలీంధ్రం వలన వస్తుంది. వరిలో పాముపొడ తెగులును కలిగించేది కూడా ఈ జాతికి చెందిన మరొక తెగయే. వాతావరణం చల్లబడి నేల తడిగా ఉన్నప్పుడు, జోయ్సియా, సెయింట్ అగస్టీన్, సెంటిపీడ్ గడ్డులలో ఎక్కువ. మచ్చ అంచు నారింజరంగులో ఉంటుంది. ఆకు తొడిమ మొదట కుళ్ళి కాడ సులభంగా ఊడివస్తుంది. చలికాలానికి ముందు నత్రజని ఎక్కువ వేయరాదు. అజాక్సిస్ట్రోబిన్ వంటి మందులు ముందుగా వాడితేనే ఫలితం ఎక్కువ.
* డాలర్ మచ్చ తెగులు: మచ్చలు వెండి డాలరు నాణెం పరిమాణంలో ఉండటం వలన ఈ పేరు వచ్చింది. ఆకుపై గడ్డిరంగు మచ్చ, దాని చుట్టూ ఎరుపు కలిసిన గోధుమరంగు అంచు ఉంటాయి. ఉదయం మంచులో సాలెగూడు వంటి దారాలు కనిపిస్తాయి. దీనికి కారణమైన శిలీంధ్రాన్ని 2018లో క్లారిరీడియా అనే కొత్త ప్రజాతిలో చేర్చారు. నత్రజని లోపించిన పచ్చికలో ఎక్కువ కాబట్టి తగు మోతాదులో ఎరువు వేస్తే తరచు మందు అవసరం లేకుండానే తగ్గుతుంది.
* బూడిదరంగు ఆకుమచ్చ తెగులు: సెయింట్ అగస్టీన్ గడ్డిలో వేసవి వానలలో వస్తుంది. కారణం పైరిక్యులేరియా. వరిలో అగ్గితెగులు కూడా ఈ ప్రజాతి శిలీంధ్రం వలననే వస్తుంది. వరిలో వలెనే ఇక్కడ కూడా నత్రజని ఎక్కువైతే తెగులు విజృంభిస్తుంది.
* త్రుప్పు తెగులు: ఆకులపై నారింజరంగు పొడి ఏర్పడి, నడిస్తే చెప్పులకు అంటుకుంటుంది. నెమ్మదిగా పెరిగే, నీడలో ఉన్న గడ్డిలో ఎక్కువ. కొద్దిగా ఎరువు వేసి, తరచు కోసి, కోసిన గడ్డిని ఎత్తివేస్తే తగ్గుతుంది.
* తెల్లాకు తెగులు: గరికలో కనిపించే ఈ తెగులుకు కారణం శిలీంధ్రం కాదు, ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి. ఆకులు పూర్తిగా తెల్లబడి, మొక్క గిడసబారి చీపురు కట్ట వలె గుబురు కడుతుంది. మందు లేదు. ఆ మొక్కలను వేళ్ళతో సహా తీసివేయాలి.
* వసంత ఎండు మచ్చ తెగులు: గరిక శీతాకాలంలో నిద్రావస్థకు పోయే దేశాలలో మాత్రమే ముఖ్యమైనది. వసంతంలో చుట్టూ గడ్డి చిగురించినా గుండ్రని మచ్చలు ఎండినట్లే ఉండిపోతాయి.
* పుట్టగొడుగుల వలయం: నేలలో కుళ్ళుతున్న చెక్క, వేళ్ళపై పెరిగే శిలీంధ్రాల వలన ముదురు ఆకుపచ్చ వలయం, వానల తరువాత దానిపై పుట్టగొడుగులు వస్తాయి. పచ్చికలో మొలిచే క్లోరోఫిల్లమ్ మోలిబ్డైట్స్ అనే పెద్ద తెల్ల పుట్టగొడుగు విషపూరితం. ముదిరినప్పుడు దాని గొడుగు కింది రేకులు ఆకుపచ్చగా మారతాయి. తిన్న కొద్ది గంటలలో తీవ్రమైన వాంతులు, విరేచనాలు కలుగుతాయి. పిల్లలు ఉన్న ఇళ్ళలో కనిపించిన వెంటనే తీసివేయాలి.

తెగుళ్ళుగా పొరబడేవి

ఇనుము లోపంలో ఈనెలు పచ్చగానే ఉండి, వాటి నడుమ భాగం పసుపు పడుతుంది. సున్నం ఎక్కువగా ఉన్న నేలలలో ఇది సాధారణం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది కలిపి చల్లని వేళ పిచికారీ చేస్తే కొద్ది రోజులలో రంగు తిరిగి వస్తుంది. ఈ ద్రావణం గచ్చుపై పడితే త్రుప్పు మరకలు పడతాయి. ఇనుము లోపానికి, తెల్లాకు తెగులుకు తేడా తెలియక అన్నభేది మళ్ళీ మళ్ళీ చల్లడం సాధారణ పొరపాటు.

కుక్క మూత్రం పడిన చోట నడుమ ఎండి, చుట్టూ ముదురు ఆకుపచ్చ వలయం ఏర్పడుతుంది. పదును లేని యంత్రంతో కోసిన ఆకుల కొనలు చీలి తెల్లబడతాయి. ఆకులపై వానల తరువాత కనిపించే బూడిదరంగు జిగురుబూజు గడ్డికి హాని చేయదు. నీటితో కడిగితే పోతుంది.

యాజమాన్య పద్ధతులు

* కోత: ఒక్కసారి ఆకు ఎత్తులో మూడవ వంతుకు మించి కోయరాదు. సాధారణ గరికకు, జోయ్సియాకు 2.5 నుండి 5 సెంటీమీటర్లు, సెయింట్ అగస్టీన్ గడ్డికి 7.5 నుండి 10 సెంటీమీటర్ల ఎత్తు తగినది.
* నీరు: పెరిగే కాలంలో వాన లేనప్పుడు వారానికి సుమారు 2.5 సెంటీమీటర్లు, అనగా చదరపు మీటరుకు 25 లీటర్లు, ఒకటి రెండు తడులుగా ఇవ్వాలి. రోజూ పైపైన చల్లితే వేళ్ళు లోతుకు పోవు, తుంగ బలపడుతుంది. తెల్లవారుజామున పెట్టాలి. సాయంత్రం పెడితే ఆకు రాత్రంతా తడిగా ఉండి శిలీంధ్రాలకు అనుకూలిస్తుంది.
* ఎరువు: ఒక్క దఫాకు చదరపు మీటరుకు 5 గ్రాముల నత్రజని, అనగా సుమారు 11 గ్రాముల యూరియా, మించరాదు. వేసిన వెంటనే నీరు పెట్టాలి. సరిగా మాగని పశువుల ఎరువుతో కలుపు గింజలు వస్తాయి.
* నేల: గట్టిపడిన నేలను పెరిగే కాలంలో ముళ్ళ పారతో గుచ్చి గుల్లపరచాలి. గడ్డి మొదట పేరుకున్న ఎండు పొర 1.25 సెంటీమీటర్లు మించితే దంతె పళ్ళతో గీకి తీయాలి.

మందుల వాడకంలో జాగ్రత్తలు

భారతదేశంలో పురుగుమందుల, తెగుళ్ళ మందుల, కలుపు మందుల నమోదు 1968 నాటి కీటకనాశినుల చట్టం కింద మొదలైంది. ఏ మందును ఏ మొక్కపై ఎంత మోతాదులో వాడవచ్చునో డబ్బాపై ఉన్న చీటీ తెలుపుతుంది. దానిని మించి వాడరాదు. ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు, గాలి వీచేటప్పుడు, నీటి ఎద్దడిలో ఉన్న గడ్డిపై కలుపు మందు చల్లరాదు. మందు పూర్తిగా ఆరేవరకు పిల్లలను, పెంపుడు జంతువులను పచ్చికపైకి రానీయరాదు. మందు చల్లిన గడ్డిని కోసి ఆవులకు, గేదెలకు వేయడం ప్రమాదకరం. కలుపు మందుకు వాడిన స్ప్రేయరును ఎంత కడిగినా పూలమొక్కలకు వాడకుండా విడిగా ఉంచడం మంచిది. శిలీంధ్రనాశకాలలో ఒకే తరగతి మందును పదేపదే వాడితే శిలీంధ్రం దానికి లొంగకుండా పోతుంది, కాబట్టి తరగతులు మార్చి వాడాలి.

నీడ, నీరు నిలవడం వంటి మూలకారణం సరిచేయనంతవరకు మందుతో తగ్గిన తెగులు మరుసటి ఋతువులో తిరిగి వస్తుంది. దట్టమైన చెట్టు నీడలో గరిక నిలవదు. అటువంటి చోట నీడను ఓర్చుకొనే మరొక మొక్కను పెంచడమే పరిష్కారం.

ఇవి కూడా చూడండి

* గరిక
* తుంగ
* వయ్యారిభామ
* శిలీంధ్రాలు
* అగ్గితెగులు