ముప్ఫై అయిదు పౌన్ల మూట

మన ఇర్వింగ్ లో ఒక హైస్కూలుకు జనరల్ మెకార్థర్ పేరు, ఇంకొక దానికి అడ్మిరల్ నిమిట్జ్ పేరు పెట్టారు. రోజూ ఆ బోర్డుల ముందు నుంచే కార్లు నడుపుతాము గాని, ఆ పేర్లు సైనికులవన్న సంగతి ఎవరికి గుర్తుంటుంది? మనకు కావలసింది కాల్క్యులస్ లో పిల్లల మార్కులు. అందుకే మా స్నేహితుల అమ్మాయి, "కాలేజీలో ఆర్.ఒ.టి.సి.లో చేరతాను, తరవాత ఆర్మీకి వెళతాను" అన్నప్పుడు ఆ ఇంట్లో రెండు రోజులు పొయ్యి సరిగా వెలగలేదు.

తల్లి ఏడ్చింది. తండ్రి ఏడవలేదు గాని, మా అందరికీ ఫోన్లు చేసి "మీరైనా చెప్పండి" అన్నాడు. ఒక శనివారం సాయంత్రం నాలుగు కుటుంబాల వాళ్ళం పిల్లకు బుద్ధి చెబుదామని వెళ్ళాము. తీరా ఉప్మా, టీ అయ్యాక ఆ పిల్లే మాకు పాఠం చెప్పింది.

ఆమె కళ్ళన్నీ రేంజర్ స్కూలు మీద ఉన్నాయి. ఎక్కడా ఆగకుండా సాగితే 62 రోజుల శిక్షణ అది. మొదట జార్జియాలోని ఫోర్ట్ బెన్నింగ్, తరవాత అదే రాష్ట్రపు కొండలు, చివర ఫ్లారిడా చిత్తడి నేలలు. మొదటి వారంలోనే, 2025 ఏప్రిల్ లో పద్ధతి మార్చేదాకా, 49 పుష్-అప్ లు, 40 నిమిషాల్లో అయిదు మైళ్ళ పరుగు ఉండేవి. ఆపైన వీపున 35 పౌన్ల మూటతో మూడు గంటల్లో పన్నెండు మైళ్ళ నడక. అర్ధాకలి, కునికిపాట్లు మామూలే. చేరినవాళ్ళలో సుమారు సగం మంది చివరిదాకా రారు.

మమ్మల్ని ఆశ్చర్యపరచింది ఇవేవీ కావు. ప్రతి దశ చివరా దళంలోని వాళ్ళు ఒకరికొకరు మార్కులు వేసుకుంటారట. ఎంత బలవంతుడైనా తోటివాడి బరువు పట్టించుకోనివాడికి అక్కడ చెల్లదు. ఒంటరిగా ఎవరూ ఉండరు. ప్రతివాడికీ ఒక జత మనిషి, 'రేంజర్ బడ్డీ' ఉంటాడు. (మన ఆఫీసుల్లో రివ్యూలు పై అధికారి బదులు పక్క బల్లవాళ్ళు రాస్తే మనలో ఎంతమంది మిగులుతామో అని ఒకరు నవ్వబోయి, ఎవరూ నవ్వకపోయేసరికి ఊరుకున్నారు.)

ఆడపిల్లలకు ఇదంతా ఎందుకమ్మా అని మాలో ఒకావిడ అడిగింది. ఆ పిల్ల దానికీ సిద్ధంగానే ఉంది. 2015 ఏప్రిల్ లో ఆ స్కూలు మొదటిసారి ఆడవాళ్ళను తీసుకున్నప్పుడు 19 మంది మొదలుపెట్టారు. ఆగస్టు 21న ఇద్దరు పట్టా పుచ్చుకున్నారు, క్రిస్టెన్ గ్రీస్ట్, షే హేవర్. హేవర్ మన టెక్సస్ లోని కాపరస్ కోవ్ అమ్మాయే. మధ్యలో తప్పి, మళ్ళీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టడానికి ఒప్పుకున్నారు గనక వాళ్ళకు రెండు నెలల చదువు నాలుగు నెలలయింది. ఒక నడకలో తనకు అడుగు పడనప్పుడు మిగతావాళ్ళందరూ అలసి ఉండగా తన బరువు కొంత తీసుకున్నది హేవర్ అనీ, లేకపోతే తాను అక్కడ కూచుని ఉండేవాణ్ణి కాననీ తోటి లెఫ్టినెంటు ఒకాయన పత్రికలవాళ్ళ ముందు చెప్పాడు. ఆ అక్టోబరులో మూడో ఆవిడ లీసా జాస్టర్ నెగ్గింది. వయసు 37, ఇద్దరు పిల్లల తల్లి, హ్యూస్టన్ లో షెల్ కంపెనీ ఇంజనీరు. "ఇంజనీరా?" అన్నాడు తండ్రి. ఆ సాయంత్రం ఆయన శ్రద్ధగా విన్న మొదటి మాట అదే.

మన జాతికి సైన్యం అలవాటు లేదని ఇంకొకరు అన్నారు. దానికి మా పెద్దాయన, తాడేపల్లిగూడెం ప్రాంతంవారు, కొంచెం కోపంగానే జవాబు చెప్పారు. ఆయన ఊరికి దగ్గరే ఉంది మాధవరం. మొదటి ప్రపంచయుద్ధం నాటి నుంచీ బిడ్డల్ని సైన్యానికి పంపుతున్నందుకు దాన్ని మిలిటరీ మాధవరం అంటారు. ఇప్పటికీ భర్తీ ర్యాలీలకు తయారయ్యే కుర్రాళ్ళు చీకటి ఉండగానే ఊరి రోడ్లమీద గుంపుగా పరుగెత్తుతారు. 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లో పూర్తిచేస్తేనే పూర్తి మార్కులు. వెనకబడ్డవాణ్ణి పేరు పెట్టి పిలిచి లాక్కుపోయే స్నేహితుడు లేనివాడు మూడోరోజు నుంచి దుప్పటి తియ్యడని పెద్దాయన అన్నారు.

అయినా తండ్రి ఒప్పుకోలేదు. "పన్నెండు మైళ్ళు మోస్తే తెలుస్తుంది. నేనే మోసి చూపిస్తా, రా" అన్నాడు. మాటకు మాట పెరిగి మేమందరం ఇరుక్కున్నాము.

మార్చిలో ఒక ఆదివారం, తెల్లవారకముందే ట్రినిటీ నది పక్కన క్యాంపియన్ బాట మీద చేరాము. ఒక్కొక్క సంచిలో ఇరవై పౌన్ల సోనా మసూరి, పది పౌన్ల కందిపప్పు, అయిదు పౌన్ల పంచదార. మూడు గంటల్లో ముగించాలంటే మైలుకు పావుగంట. మొదటి మైలుకే పదిహేడు నిమిషాలు పట్టింది. మూడో మైలుకు కబుర్లు ఆగాయి. ఒకరికి బూటు కరిచింది. అమ్మాయి మాత్రం ముందుకు పోకుండా, ఎవరు వెనకబడితే వాళ్ళ పక్కన నడుస్తోంది. "నీకు టైము పోతోంది కదా?" అంటే, "ఇవాళ పరీక్ష నాది కాదుగా అంకుల్, మీది" అంది.

ఆరో మైలు దగ్గర, వెనక్కి తిరగవలసిన చోట, తల్లి కారులో ఇడ్లీలు తెచ్చింది. తను రానని ముందే చెప్పిన మనిషి. షుగరున్న మిత్రులొకరు అక్కడే ఆగిపోయారు. తండ్రి ఇడ్లీ తిన్నాడు గాని, సంచి మళ్ళీ భుజానికెత్తబోతే చెయ్యి లేవలేదు. సాయం అడగడు, కూతురివైపు చూడడు. ఆవిడ ఏమీ అనకుండా ఆయన సంచిలోంచి కందిపప్పు మూట తీసి ఇడ్లీల సంచిలో వేసుకుని, కారు తాళాలు షుగరాయన చేతిలో పెట్టి నడవడం మొదలుపెట్టింది. పంచదార కూతురు పుచ్చుకుంది. ఆయన బియ్యం మోశాడు.

నాలుగు గంటల పది నిమిషాలు పట్టింది. రేంజర్ లెక్కన అందరమూ తప్పాము. దారిలో తల్లీ కూతుళ్ళు ఏం మాట్లాడుకున్నారో మాకు పూర్తిగా తెలియదు, మేము బాగా వెనక ఉన్నాము. చివరి మైలులో మాత్రం ఒక ప్రశ్న వినపడింది: "మరి నీ జత అమ్మాయి ఎవరో, మన ఆవకాయ తింటుందా?"

ఆగస్టులో పిల్ల కాలేజీకి వెళుతోంది. కాగితాల మీద తండ్రి ఇంకా సంతకం పెట్టలేదు. తీసి పక్కన మాత్రం పెట్టలేదు, అవి భోజనాల బల్ల మీదే ఉన్నాయి. వచ్చే నెల మొదటి ఆదివారం ఉదయం ఆరు గంటలకు మళ్ళీ నడక. రాదలచినవారు ఎవరి పప్పు వారే తెచ్చుకోవలసిందిగా మనవి.