సరుకు చేసే ముందు బజారును అడగండి

మక్కాలోని ఇల్లూ వాకిలీ, ఆస్తిపాస్తులూ వదులుకొని కట్టుబట్టలతో మదీనా చేరుకున్న ముహాజిర్లలో హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (ర) ఒకరు. దైవప్రవక్త (స) ఆయనకూ, మదీనా వాసి హజ్రత్ సాద్ బిన్ రబీ (ర)కూ మధ్య సోదర బంధం కుదిర్చారు. సాద్ (ర) కలిగినవారు. తన ఆస్తిలో సగం తీసుకోమని మనస్ఫూర్తిగా చెప్పారు. అబ్దుర్రహ్మాన్ (ర) ఆయన్ని దీవించి, తనకు బజారు ఎక్కడుందో చూపిస్తే చాలన్నారు. ఖైనుఖా తెగవారి బజారు చూపించారు. ఆ బజారుకు వెళ్లి వచ్చినప్పుడు ఆయన వెంట కొన్ని ఎండు పెరుగు ముద్దలు, కొంత నెయ్యి ఉన్నాయి. తర్వాత కూడా బజారుకు వెళుతూనే ఉన్నారు. కొంత కాలానికే సొంత సంపాదనతో పెళ్లి చేసుకున్నారు. ఆ పైన మదీనాలోని గొప్ప వర్తకుల్లో ఒకరయ్యారు.

ఈ సంఘటనను మనం స్వయంకృషికి ఉదాహరణగా చెప్పుకుంటాం. నిజమే. అయితే వ్యాపారం చేయదలచిన వారు ఇందులో గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. అది పనుల వరస. సొమ్ము తనంత తాను నడిచి వస్తున్నా, ఆయన మొదట అడిగింది సొమ్ము కాదు, బజారు దారి. మరి మనలో ఎంతమందిమి ఈ వరస పాటిస్తున్నాం?

సొమ్ము ముందు, బజారు తర్వాత

మన ఇళ్లల్లో తరచూ జరిగేదేమిటో చూడండి. ఇంటి పెద్ద పదిహేనేళ్లు కువైట్‌లోనో సౌదీలోనో చెమటోడ్చి, ఇక చాలనుకొని ఊరికి తిరిగి వస్తాడు. చేతిలో నాలుగు డబ్బులున్నాయి. బావమరిది రెడీమేడ్ దుస్తుల దుకాణం పెట్టమంటాడు. పక్కవీధి భాయ్ నీళ్ల ప్లాంటు మంచిదంటాడు. పది రోజుల్లో అడ్వాన్సు ఇచ్చేస్తారు. నెల తిరక్కుండా బోర్డు కట్టేస్తారు. ఆ వీధిలో అలాంటి దుకాణాలు ఎన్ని ఉన్నాయి, అక్కడి జనం బట్టలు ఎక్కడ కొంటున్నారు, ఏ నెలలో కొంటున్నారు, అరువు ఎంత అడుగుతారు అన్న ప్రశ్నలు దుకాణం తెరిచాక ఒక్కొక్కటిగా గుర్తుకొస్తాయి. అప్పటికి చాలా ఆలస్యమైపోయి ఉంటుంది. పోయేది ఒక్క దుకాణం కాదు. కూతురి పెళ్లికని దాచిన సొమ్ము, ఇల్లాలి మెడలోని గొలుసు, కొడుకు కాలేజీ ఫీజు కూడా దాని వెంట పోతాయి. అరవై ఏళ్లకు దగ్గరైన మనిషి మళ్లీ పాస్‌పోర్టు దుమ్ము దులుపుకోవలసి వస్తుంది.

కొత్త సరుకు తయారు చేసే ముందు కొనేవారెవరో, వారి అవసరమేమిటో తెలుసుకోవడాన్నే చదువుకున్నవారు మార్కెట్ సర్వే అంటారు. పేరు చూసి భయపడనక్కర లేదు. అది పెద్ద కంపెనీలకే పరిమితమైన విద్య కాదు. నిజానికి, పొరపాటును తట్టుకునే స్తోమత పెద్ద కంపెనీకి ఉంటుంది, మనకు ఉండదు. కాబట్టి ఈ పని వారికంటే మనకే ఎక్కువ అవసరం.

పెద్దలూ తప్పటడుగు వేశారు

అమెరికాకు చెందిన కెలాగ్ కంపెనీ 1994లో మన దేశంలో కార్న్‌ఫ్లేక్స్ అమ్మకానికి పెట్టింది. వారి దేశంలో వాటిని చల్లటి పాలలో వేసుకొని కరకరలాడుతుండగా తింటారు. మన ఇళ్లల్లో పొద్దున్నే పొయ్యి మీద నుంచి దించిన వేడి పాలు పోస్తే అవి మెత్తబడి ముద్దయ్యాయి. పైగా ధర ఎక్కువ. ఇడ్లీ, ఉప్మా, పరాఠా తిని ఎదిగిన జనం ఒకసారి వింతగా కొన్నారు గానీ మళ్లీ మళ్లీ కొనలేదు. ఆ తర్వాత కంపెనీ మన రుచులకూ, చిన్న ప్యాకెట్లకూ దిగి వచ్చి నిలదొక్కుకుంది. మన జనాభా ఎంతో వారికి తెలుసు. మన పాలగిన్నె మాత్రం వారి లెక్కలోకి రాలేదు.

కోకాకోలా కథ మరింత ఆలోచింపజేస్తుంది. ఆ కంపెనీ జనాన్ని అడగకుండా ఏమీ చేయలేదు. దాదాపు 2 లక్షల మంది చేత కొత్త పానీయం రుచి చూపించింది. ఎక్కువ మంది కొత్తదే బాగుందన్నారు. ఆ ధైర్యంతో 1985 ఏప్రిల్ 23న పాత రుచిని ఆపి కొత్తది ప్రకటించింది. జనం కోపంతో ఫోన్లు చేశారు, ఉత్తరాలు కుమ్మరించారు. మూడు నెలలు కూడా నిండక ముందే, జూలై 11న, పాత రుచిని మళ్లీ తెస్తున్నామని చెప్పుకోవలసి వచ్చింది. లోపమెక్కడ? అడిగింది రెండు గుక్కల రుచి గురించి. చిన్ననాటి నుంచి అలవాటైన పానీయం ఇక దొరకదంటే ఎలా ఉంటుందన్న సంగతి ఆ రుచి పరీక్షల్లో జనం ముందు పెట్టలేదు. తప్పు ప్రశ్నకు 2 లక్షల జవాబులు వచ్చినా ఫలితం లేదు.

చిన్నవాడు గెలిచిన కథ

ఇప్పుడు మన పొరుగు రాష్ట్రం తమిళనాడు వైపు చూద్దాం. కడలూరులో చిన్ని కృష్ణన్ అనే చిన్న వ్యాపారి ఉండేవారు. పెద్ద సీసాలూ డబ్బాలూ కొనలేని కూలి మనిషికి కూడా మంచి సరుకు అందాలన్నది ఆయన పట్టుదల. టాల్కం పౌడరును చిన్న ప్యాకెట్లలో అమ్మి చూశారు. షాంపూను చిన్న సాచెట్‌లో పెట్టాలన్న ఆలోచనా అలాగే వచ్చింది. ఆయన కుమారుడు సి.కె. రంగనాథన్ అన్నదమ్ముల వ్యాపారం నుంచి విడివడి 1983లో 15,000 రూపాయలతో చిక్ షాంపూ మొదలుపెట్టారు. ఈనాటి కెవిన్‌కేర్ సంస్థకు అదే పునాది.

రోజు కూలితో బతికే మనిషి నెలకు సరిపడా సీసా ఎందుకు కొనడం లేదు? శుభ్రత మీద ఇష్టం లేక కాదు, ఆ సీసా వెల ఒక్కసారి చేతిలో ఉండదు గనుక. ఈ ఒక్క సంగతి పట్టుకున్నారు వారు. ఊళ్లలో జనం ఎదుటే పిల్లలకు తల అంటి, షాంపూ ఎలా వాడాలో చూపించారు. ఏ కంపెనీవైనా సరే, ఖాళీ సాచెట్లు తెచ్చిస్తే చిక్ సాచెట్ ఇస్తామన్నారు. కొన్నాళ్లకు చిక్ ఖాళీ సాచెట్లే తెమ్మన్నారు. చూడండి, ఇది అమ్మకమూ అయింది, సర్వే కూడా అయింది. ఎవరు వాడుతున్నారో, మళ్లీ ఎవరు కొంటున్నారో ఆ ఖాళీ సాచెట్లే చెప్పాయి.

మెచ్చుకోలు వేరు, గిరాకీ వేరు

ఇక మన వంటింటికి వద్దాం. ఒక ఇల్లాలు బిర్యానీ మసాలా బ్రహ్మాండంగా చేస్తుందనుకుందాం. దావత్‌కు వచ్చిన ప్రతివారూ, “ఆపా, ఇది ప్యాకెట్లు కట్టి అమ్మితే పేరున్న కంపెనీలన్నీ మూత పడతాయి” అంటారు. ఆ మాట నమ్మి గ్రైండరు, సీలింగ్ మిషను, 5,000 అచ్చు కవర్లు కొనేయవచ్చా?

కొనకూడదు. ఎందుకంటే ఆ మాట అన్నవారు మన భోజనం తిని లేచినవారు. మొహమాటం, ప్రేమ, మర్యాద కలిసి వారిచేత ఆ మాట అనిపించాయి. “నేను అమ్మితే కొంటారా?” అని అడిగితే ఖాలా అయినా, భాభీ అయినా “తప్పకుండా” అనే అంటారు. రేపటి గురించి ఇచ్చే హామీకి ఖర్చు లేదు. కాబట్టి రేపటి మాట అడగకండి, నిన్నటి సంగతి అడగండి. పోయిన నెల మసాలా కొన్నారా? ఎక్కడ కొన్నారు? ఎంత ప్యాకెట్? ఎంతకు? అది అయిపోయిందా, డబ్బాలో మిగిలే ఉందా? బయటిది వాడనివారైతే, ఇంట్లోనే దంచుకోవడానికి కారణం రుచా, ఖర్చా, నమ్మకమా? ఈ జవాబుల్లో మొహమాటానికి చోటు తక్కువ.

ఈ పని ఇంటి ఆడవారే చేయడం మేలు. మసాలా ఏది కొనాలో నిర్ణయించేది ఎక్కువగా వంట చేసే మనిషి. ఆ వంటింటి అలమర వరకు వెళ్లి చూడగలిగేది సాటి ఇల్లాలే. చుట్టాలను వదిలి, మనకు ముఖపరిచయం మాత్రమే ఉన్న ఇరవై ముప్పై ఇళ్లు ఎంచుకోండి. కలిగినవారు, మధ్యతరగతివారు, రోజు కూలీలు అందులో ఉండాలి. బిర్యానీ మన ఇళ్లకే పరిమితం కాదు గనుక హిందూ, క్రైస్తవ ఇరుగుపొరుగునూ అడగండి. విన్నది విన్నట్టు నోటు పుస్తకంలో రాసుకోండి. మనసుకు నచ్చని జవాబు మరీ జాగ్రత్తగా రాసుకోండి.

తర్వాత కిరాణా దుకాణదారు దగ్గరకు వెళ్లండి. రద్దీ లేని వేళ చూసి అడగండి. ఏ ప్యాకెట్ పోతోంది, ఏది పురుగు పట్టి వెనక్కి పోతోంది, తనకు ఎంత మిగలాలి, డబ్బు ఎన్నాళ్లకు ఇస్తాడు? పెళ్లిళ్లకు వండే బావర్చీని అడగండి. ఆయనకు అందమైన కవరు అక్కర లేదు, ఎన్ని డేగ్‌లు వండినా మారని రుచి కావాలి. గల్ఫ్‌కో అమెరికాకో వెళ్లేవారి పెట్టెల్లో అమ్మలు ఏం సర్దుతున్నారో కనుక్కోండి. వీధి దుకాణంలో దొరకని గిరాకీ అక్కడ దొరకవచ్చు.

కాగితం మీద నష్టపోవడం మేలు

లెక్క కూడా ముందే వేయాలి. ఉదాహరణకు 50 గ్రాముల ప్యాకెట్‌లో దినుసులకు 22 రూపాయలు, కవరుకు 3, మరకు 2, రవాణాకు 2 అనుకుందాం. మొత్తం 29. అమ్మకం ధర 45 అయితే, దుకాణదారు అందులో 9 రూపాయలు ఉంచుకొని 36 ఇస్తాడు. ప్యాకెట్‌కు 7 రూపాయల లాభమని సంతోషిస్తాం. కానీ వంద ప్యాకెట్లలో పది వెనక్కి వచ్చాయనుకోండి. వచ్చింది 3,240 రూపాయలు, పెట్టింది 2,900. మిగిలింది 340. రెండు రోజులు నిలబడి వేయించి, దంచి, జల్లించిన ఇల్లాలి కష్టానికి అదే కూలి! ఈ సంగతి మిషను కొన్నాక తెలిస్తే కన్నీరు, కొనక ముందు తెలిస్తే పాఠం. ఆహార పదార్థాలకు ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. నమోదు, కవరు మీద బరువు, ధర, తయారీ తేదీ తప్పనిసరి అన్నదీ ఈ లెక్కలోనే వేసుకోవాలి.

కాలాన్ని కూడా అడగాలి. చాంద్రమాన సంవత్సరం సుమారు 11 రోజులు చిన్నది గనుక రంజాన్ ఏటేటా ముందుకు జరుగుతుంది. 2018, 2019లలో మే నెల ఎండల్లో రోజాలున్నాం. 2030లో జనవరి మొదట్లో ఒకసారి, డిసెంబరు ఆఖర్లో మరోసారి రంజాన్ మొదలవుతుంది. అప్పటి ఎండల్లో ఇఫ్తార్‌కు పోయిన షర్బత్ సీసాల లెక్క చూసుకొని చలికాలం రంజాన్‌కు సరుకు నింపితే ఏమవుతుంది? బజారు అదే, పండుగ అదే, దాహం మాత్రం అదే కాదు.

చివరి పరీక్ష

ఇంత విచారించాక కూడా ఒక్కసారిగా దూకకండి. ఇంట్లో ఉన్న మిక్సీతోనే యాభై ప్యాకెట్లు చేయండి. ఉచితంగా పంచవద్దు. ఊరికే వచ్చినదాన్ని ఎవరూ తప్పు పట్టరు. తక్కువ ధరకైనా సరే, నగదుకే అమ్మండి. కొన్నవారి పేర్లు రాసుకోండి. నెల రోజులు ఆగండి. మీరు వెళ్లి అడగకుండా, తమంత తాము వచ్చి రెండో ప్యాకెట్ అడిగినవారు ఎందరో లెక్కపెట్టండి. మొదటి ప్యాకెట్ మీ మొహం చూసి కొన్నది, రెండోది సరుకు చూసి కొన్నది. యాభై మందిలో ఇరవై మంది తిరిగి వచ్చారా, ధైర్యంగా మరో వంద చేయండి. ఇద్దరే వచ్చారా, వారు ఎందుకు వచ్చారో, మిగతావారు ఎందుకు రాలేదో అడిగి సరుకు మార్చండి. లేదా ఆ ఆలోచన మానుకోండి. మానుకోవడం ఓటమి కాదు. అప్పటికి పోయింది యాభై ప్యాకెట్ల దినుసులు. మెడలోని గొలుసు మెడలోనే ఉంది.

వ్యాపారంలో లాభనష్టాలు ఎవరి చేతిలోనూ పూర్తిగా లేవు. ఎంత విచారించినా నష్టం రావచ్చు. కానీ విచారించకుండా తెచ్చుకున్న నష్టానికి విధిని నిందించడం న్యాయం కాదు. మన చేతిలో ఉన్నది మనం చేశాక బర్కత్ కోసం చేతులెత్తడం వేరు, ఏమీ చేయకుండా చేతులెత్తడం వేరు. అందుచేత ఈ వారం ఎవరైనా “కొత్త వ్యాపారం పెడుతున్నాను, ఎంత పెట్టుబడి కావాలి?” అని మిమ్మల్ని సలహా అడిగితే, సొమ్ము సంగతి తర్వాత చెప్పండి. ముందు ఒక నోటు పుస్తకం చేతికిచ్చి, బజారు దారి చూపించండి.