బయానాకు ముందు

ఇల్లు కొనదలచినవారు బ్రోకరుతో "80 లక్షల వరకు ఇవ్వగలము" అని చెప్పారంటే, ఆ మాట అమ్మేవారికి చెప్పినట్లే. హైదరాబాదులో బ్రోకరు తరచుగా ఇరుపక్షాల నుండి కమీషన్ పుచ్చుకుంటాడు. అది శాతం లెక్కన కనుక ధర పెరిగితే అతని రాబడీ పెరుగుతుంది. అతని శ్రమకు ప్రతిఫలం ధర్మసమ్మతమే; ఇమామ్ బుఖారీ దళారీ రుసుముకు ఒక ప్రకరణమే కేటాయించారు. కాని లేని కొనుగోలుదారుణ్ణి సృష్టించి ధర పెంచడం దైవప్రవక్త (స) వారించిన 'నజష్' కోవలోనిదే.

మా అమ్మాయి ఇంటి బేరంలో "వేరే పార్టీ రెండు లక్షలు ఎక్కువ ఇస్తామంటోంది" అని బ్రోకరు అన్నాడు. "సంతోషం, వారికే ఇప్పించండి" అన్నాను. నాలుగు రోజులు ఫోను రాలేదు. అయిదవ రోజున పాత ధరకే బయానా అడిగాడు. కమీషన్ ఎంతో ముందు కాగితంపై వ్రాయించుకొని, ఆ తర్వాతే బయానా ఇచ్చాము.