వంటింటి రసాయనశాలలో మాంసకృత్తుల కేకు

ఇబ్రహీంపట్నములోని తాపవిద్యుత్కేంద్రపు పొగగొట్టములు చుట్టుప్రక్కల గ్రామములకెల్ల కనబడుచుండును. అచ్చట నీటిని అధిక పీడనములో మరిగింతురు. కావున నీరు 100 డిగ్రీల సెంటీగ్రేడునకు చాల మించిన వేడిమిలో మరుగును. అదే ఊరి వంటింటిలో, మూత వదులుగా నున్న డేక్షాలో కేకు కాలునప్పుడు అట్లు జరుగదు. చుట్టునున్న గాలి 170 డిగ్రీలున్నను, కేకు నడుమ తడి యున్నంతవరకు అచ్చటి వేడి 100 డిగ్రీలు దాటదు. అందుచేతనే పైపెచ్చు ఎఱ్ఱనగును, లోపల మెత్తగా నుండును.

సాధారణపు కేకునకు ఆధారము మైదా. మైదాలోని గ్లూటెను సాగెడి వలవలె నేర్పడి గాలిబుడగలను నిలుపును. కాని 150 గ్రాముల మైదాలో మాంసకృత్తులు 16 గ్రాములకు మించవు. దాని బదులు 100 గ్రాముల వేయించిన వేరుసెనగపప్పు పొడి, 50 గ్రాముల పుట్నాలపిండి వాడినచో సుమారు 36 గ్రాములు లభించును. వీనికి నాలుగు కోడిగ్రుడ్లు (24 గ్రాములు), వెన్నతీసిన పాలపొడి 50 గ్రాములు (17), జీడిపప్పు పలుకులు 50 గ్రాములు (9), కోకోపొడి 25 గ్రాములు (5) చేర్చిన మొత్తము 91 గ్రాములగును. పండ్రెండు ముక్కలు కోసిన ముక్కకు ఏడున్నర గ్రాములు. వేరుసెనగలో లైసీను అను ఆమ్లము కొరత. పాలు, గ్రుడ్లు, సెనగలు ఆ లోటు తీర్చును. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనసంస్థవారు వేరుసెనగపిండి, సెనగపిండి కలిపి బహుళప్రయోజన ఆహారమును తయారుచేసినది ఇట్టి ఆలోచనతోనే.

ఇక తయారుచేయు విధానము. పప్పును చాలసేపు రుబ్బరాదు. నూనె వెలువడి ముద్దయగును. గ్రుడ్లను 125 గ్రాముల పంచదారతో నురుగు వచ్చి చిక్కబడువరకు గిలకొట్టవలెను. పొడులను, పావు చెంచా వంటసోడాను జల్లించి, మూడు పెద్ద చెంచాల పుల్లని పెరుగును, పావు గ్లాసు చల్లారిన చిక్కని కాఫీ డికాక్షనును చేర్చి మెల్లగా కలుపవలెను. పెరుగులోని ఆమ్లము సోడాతో కలియగానే బొగ్గుపులుసు వాయువు పుట్టును. సోడా ఎక్కువైన సబ్బురుచి వచ్చును. అడుగున ఇసుక పోసి ముందుగా వేడిచేసిన దళసరి డేక్షాలో, నూనె రాసిన గిన్నెను పీటపై నుంచి, సన్నని సెగపై ముప్పావుగంట కాల్చవలెను. గ్రుచ్చిన పుల్ల శుభ్రముగా వచ్చిన కేకు సిద్ధమైనట్లే. వేడికి బుడగలు వ్యాకోచించును; గ్రుడ్డులోని మాంసకృత్తులు గడ్డకట్టి వానిని నిలువబెట్టును. గ్లూటెను పని ఇచ్చట గ్రుడ్డు చేయుచున్నది.

అరకు కాఫీ, గోదావరి, కృష్ణా ప్రాంతముల కొబ్బరితోటల నీడలో పెరిగిన కోకో, వేరుసెనగ - ఈ మూడును వేయించినప్పుడే పరిమళించును. చక్కెరలు, ఆమినో ఆమ్లములు వేడిలో కలియుటయే దీనికి ముఖ్యకారణము. ఈ చర్యను 1912లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మయ్యార్ వర్ణించెను. పరిమళములకు ఈ చుట్టరికముండుటచే రుచులు పొసగును. అయితే పెచ్చు మాడిన, అచ్చటి లైసీను కొంత నష్టమగును.

ఒక హెచ్చరిక. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్లు చనిపోయెను. వాని మేతలోని వేరుసెనగపిండికి పట్టిన బూజు విడిచిన విషమే కారణమని తేలెను. అదే అఫ్లటాక్సిను. కేకు కాల్చిన వేడికి అది పూర్తిగా నశింపదు. కావున బూజుపట్టిన, ముడుతలుపడిన, చేదు గింజలను ఏరి పారవేయవలెను. వేరుసెనగ పడనివారికి ఈ కేకు పెట్టరాదు. పసిపిల్లలకు చేయునప్పుడు డికాక్షను బదులు పాలు పోయవలెను.

ఉపాధ్యాయులు దీనిని పాఠముగా మార్చవచ్చును. పిండిని రెండు సమభాగములు చేసి, ఒకదానిలో పెరుగు, మరొకదానిలో అంతే నీరు కలిపి కాల్చి, రెంటి ఎత్తులను స్కేలుతో కొలిపింపుడు. ఏది ఎక్కువ పొంగెనో, ఎందుకు పొంగెనో విద్యార్థులే చెప్పుదురు. ఆ పిమ్మట పరికరములను తినివేయుదురు!