డాష్‌బోర్డ్ దించేముందు ఈ పరీక్షలు చేయించారా?

కోకాపేటలో కారుని పొద్దున్నే కడిగితే సాయంత్రానికి బానెట్ మీద వేలితో పేరు రాసుకోవచ్చు. 2023 ఆగస్టులో హెచ్‌ఎండీఏ నియోపొలిస్ వేలంలో ఎకరం 100.75 కోట్లు పలికినప్పుడు దేశమంతా ఈ ఊరి పేరు విన్నది. ఆ ఎకరాల్లో ఇప్పుడు టవర్లు లేస్తున్నాయి. టవర్ లేవాలంటే ముందు బండ పగలాలి, మట్టి కదలాలి, రెడీమిక్స్ లారీలు తిరగాలి. ఆ దుమ్ములో కొంత బానెట్ మీద పడుతుంది, అది కనిపిస్తుంది. ఇంకొంత వైపర్ల కిందున్న జాలీలోంచి డాష్‌బోర్డ్ వెనక్కి పోతుంది. అది కనిపించదు. కొన్నేళ్ల తర్వాత ఒక మాటగా వినిపిస్తుంది: “సార్, కూలింగ్ కాయిల్ పోయింది. డాష్‌బోర్డ్ మొత్తం దించాలి.”

ఈ మాట వినగానే కారున్న ఎవరికైనా గుండె జారుతుంది. లేబరే వేలల్లో ఉంటుంది. పైగా ఒకసారి దించిన డాష్‌బోర్డ్ మళ్లీ సరిగ్గా కూర్చోకపోతే, గుంత వచ్చినప్పుడల్లా ఎక్కడో ఒక చోట కిరకిరమంటుంది. అందుకే రెండు విషయాలు తెలిసుండాలి. ఒకటి, డాష్‌బోర్డ్ దించడం అన్నిటికంటే చివరి మెట్టు. దానికి ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి. రెండు, నిజంగానే దించాల్సి వస్తే విప్పడం కంటే బిగించడమే పెద్ద పని.

డాష్‌బోర్డ్ వెనక ఏముంది?

గ్లవ్ బాక్స్ నుంచి స్టీరింగ్ దగ్గరి దాకా లోపల ఒక పెద్ద ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. ఎడమ చివర బ్లోయర్ ఫ్యాన్. దాని పక్కన క్యాబిన్ ఫిల్టర్. ఆ తర్వాత కూలింగ్ కాయిల్, అంటే ఏసీ గ్యాస్ తిరిగే అల్యూమినియం జాలీ. దాని తర్వాత హీటర్ కాయిల్. ఇంజిన్‌ని చల్లబరిచి వేడెక్కిన కూలెంట్ ఇందులోంచి వెళ్తుంది. మధ్యలో గాలిని అటూ ఇటూ మళ్లించే తలుపుల్లాంటి ఫ్లాపులు, వాటిని తిప్పే చిన్న మోటార్లు లేదా కేబుళ్లు.

హైదరాబాద్‌లో హీటర్ ఎందుకు అనుకుంటాం కానీ, మనం తిప్పే టెంపరేచర్ నాబ్ పని చాలా కార్లలో అదే. గాలి మొదట కూలింగ్ కాయిల్ మీదుగా వస్తుంది. అందులో ఎంత భాగం హీటర్ కాయిల్ మీదుగా పోవాలో ఒక ఫ్లాప్ నిర్ణయిస్తుంది. వానాకాలం ఓఆర్‌ఆర్ మీద ముందు అద్దం మసకబారినప్పుడు ఈ జంటే కాపాడుతుంది. ఏసీ గాలిలో తేమ తీసేస్తుంది, హీటర్ ఆ గాలిని వెచ్చబెడుతుంది, అద్దం నిమిషాల్లో తేటపడుతుంది. కాబట్టి ఈ డబ్బా బాగుండటం చల్లదనానికే కాదు, కంటికి దారి కనపడటానికి కూడా.

లక్షణం చూస్తే జబ్బు తెలుస్తుంది

మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన కారులో బ్లోయర్ 1, 2, 3 నంబర్ల మీద పనిచేయడం మానేసింది. 4లో పెడితే మాత్రం హోరున వచ్చేది. ఒక వర్క్‌షాప్‌లో డాష్‌బోర్డ్ దించి బ్లోయర్ మార్చాలన్నారు. అయితే బ్లోయర్ పాడైతే 4లో కూడా తిరగదు కదా! ఇలాంటి కార్లలో తక్కువ స్పీడుల కోసం కరెంటుని తగ్గించే రెసిస్టర్ ఒకటి ఉంటుంది. ఫుల్ స్పీడ్‌లో కరెంటు దాన్ని తాకకుండా నేరుగా మోటారుకి పోతుంది. అంటే పోయింది రెసిస్టరే. ఆయన కారులో అది గ్లవ్ బాక్స్ వెనకే, రెండు స్క్రూలతో ఉంది. ఇంకో చోట చూపిస్తే అరగంటలో మార్చారు, డాష్‌బోర్డ్ కదల్లేదు.

ఇక్కడ దుమ్ము పాత్ర కూడా ఉంది. రెసిస్టర్‌ని కావాలనే గాలి దారిలో పెడతారు, బ్లోయర్ గాలికే అది చల్లబడాలి. ఫిల్టర్ మూసుకుపోతే గాలి తగ్గి రెసిస్టర్ వేడెక్కుతుంది. కొన్ని వందల రూపాయల ఫిల్టర్‌ని వదిలేస్తే దాని తర్వాతి పార్టు మీద పడుతుందన్నమాట.

మిగతా లక్షణాలు కూడా ఇలాగే దారి చూపిస్తాయి.

అన్ని స్పీడుల్లోనూ గాలి నీరసంగా వస్తుంటే ముందు ఫిల్టర్ చూడాలి. ఎక్కువ కార్లలో గ్లవ్ బాక్స్ ఊడదీస్తే వెనకే ఉంటుంది. కొన్ని పాత మోడళ్లలో కంపెనీ నుంచి ఫిల్టరే ఉండేది కాదు. అలాంటి కార్లలో ఎండుటాకులు నేరుగా ఫ్యాన్ రెక్కల్లోకి వెళ్తాయి.

బ్లోయర్ అసలు తిరగకపోతే ఫ్యూజు, రిలే, కప్లర్ చూడాలి. గ్లవ్ బాక్స్ కింద చేత్తో తట్టగానే తిరిగిందంటే మోటారులో బ్రష్‌లు అరిగాయని అనుమానించాలి. చాలా కార్లలో బ్లోయర్‌ని కూడా కింది నుంచే తీయొచ్చు.

బండి స్టార్ట్ చేయగానే డాష్‌బోర్డ్ లోపల టకటకమని కాసేపు చప్పుడు వస్తే, లేదా ఒకవైపు చల్లగా మరోవైపు వెచ్చగా వస్తే, ఫ్లాప్ మోటారు గేర్ అరిగి ఉండొచ్చు. కాయిల్‌తో దానికి సంబంధం లేదు.

ఎడమ సీటు కాళ్ల దగ్గర కార్పెట్ తడిగా ఉంటే వేలితో తాకి చూడండి. మామూలు నీళ్లలా ఉంటే ఏసీ డ్రెయిన్ పైపు బురదతో మూసుకుపోయి ఉండొచ్చు, శుభ్రం చేస్తే సరిపోతుంది. జిగటగా, రంగుగా, తియ్యటి వాసనతో ఉండి అద్దం మీద జిడ్డు పొర కూడా పడుతుంటే అది హీటర్ కాయిల్‌లోంచి కారే కూలెంట్. కూలెంట్ సాధారణంగా విషం, పిల్లల్నీ కుక్కపిల్లల్నీ దాని దగ్గరికి రానివ్వకండి. కూలెంట్ తగ్గితే ఇంజిన్ కూడా వేడెక్కుతుంది. మన దగ్గర కొందరు మెకానిక్‌లు బానెట్ కిందే రెండు హీటర్ పైపుల్నీ కలిపేసి లోపలి కాయిల్‌ని పక్కన పెడతారు. బండి నడుస్తుంది కానీ వెచ్చటి గాలి ఉండదు. వానాకాలంలో ఆ లోటు తెలుస్తుంది. దాన్ని తాత్కాలిక సర్దుబాటుగానే చూడాలి.

“గ్యాస్ అయిపోయింది” అన్నప్పుడు

ఏసీ గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. మూసిన పైపుల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. ఏళ్ల తరబడి కాస్త తగ్గడం మామూలే. ప్రతి ఎండాకాలం నింపాల్సి వస్తోందంటే మాత్రం ఎక్కడో లీక్ ఉంది. నింపి పంపేస్తే రోగం అలాగే ఉంటుంది.

లీక్ అనగానే కూలింగ్ కాయిలే అనుకోవడం కూడా తొందరపాటే. ముందు వైపు బంపర్ వెనక ఉండే కండెన్సర్‌కి రోజూ రాళ్లు తగులుతుంటాయి, దాన్ని ముందు చూడాలి. పైపు జాయింట్లు, ఓ-రింగులు, కంప్రెసర్ సీల్ ఆ తర్వాత. ఇవన్నీ బానెట్ తెరిస్తే అందేవే. వీటిలో ఏమీ దొరక్కపోతేనే డాష్‌బోర్డ్ వెనక్కి వెళ్లాలి. అక్కడ కూడా విప్పకుండానే పరీక్షించే పద్ధతులున్నాయి. గ్యాస్ వాసన పట్టే ఎలక్ట్రానిక్ డిటెక్టర్‌ని డ్రెయిన్ పైపు దగ్గర పెట్టొచ్చు. గ్యాస్‌తో పాటు మెరిసే రంగు ఎక్కించి అతినీలలోహిత లైటుతో వెతకొచ్చు. కాయిల్‌ని విడిగా బిగించి నైట్రోజన్ ప్రెజర్ ఎక్కించి, మీటర్ ముల్లు దిగుతోందా లేదా చూడొచ్చు. సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే, లాగ్ చూడకుండా సర్వర్ మార్చేయకూడదు.

నిజంగానే దించిన రోజు

మా టీమ్‌మేట్‌ది తొమ్మిదేళ్ల హ్యాచ్‌బ్యాక్. పై పరీక్షలన్నీ అయ్యాక కాయిలే అని తేలింది. పని రెండు రోజులు సాగింది. ఒక శనివారం మొత్తం పక్కనే నిలబడి చూశాను.

మెకానిక్ అన్న ముందు గ్యాస్‌ని మెషిన్‌లోకి లాగాడు. చాలాచోట్ల వాల్వ్ నొక్కి గాల్లోకి వదిలేస్తారు. మన కార్లలో ఎక్కువగా ఉండే ఆర్-134ఏ భూమిని వేడెక్కించడంలో అదే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా బలమైనది. ఇలాంటి వాయువుల్ని తగ్గించుకోవాలని 2016లో కిగాలిలో దేశాలు ఒప్పుకున్నాయి. 2021లో మన దేశం ఆ ఒప్పందాన్ని ఆమోదించింది.

తర్వాత బ్యాటరీ నెగెటివ్ తీసి, ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్‌లో మిగిలిన కరెంటు పోయేదాకా ఆగాడు. “తొందరపడితే మొహం మీద పేలుతది తమ్మీ” అన్నాడు. స్టీరింగ్ ఎయిర్‌బ్యాగ్‌ని ఊడదీసి, కవర్ పైకి ఉండేలా దూరంగా పెట్టాడు. ఇంజిన్ చల్లారాక కూలెంట్ దించి, హీటర్ పైపులు రెండూ తీసి, లోపల మిగిలిన కూలెంట్ కార్పెట్ మీద పడకుండా గొట్టాలకి బిరడాలు పెట్టాడు. ఏసీ పైపుల మూతులకి కూడా వెంటనే మూతలేశాడు. లోపలి ఆయిల్ గాలిలో తేమని పీల్చేసుకుంటుంది మరి.

స్క్రూలన్నిటినీ కోడిగుడ్ల అట్ట ట్రేలో వరసగా, మార్కర్‌తో పేర్లు రాసి పెట్టాడు. ప్రతి కప్లర్ తీసేముందు ఫోన్లో ఫొటో. స్టీరింగ్ కాలమ్ కిందికి దించి, ఇద్దరు పట్టుకుని డాష్‌బోర్డ్ బయటికి తీశారు. వెనకున్న ఇనుప దూలం తీశాక డబ్బా బయటపడింది. దాన్ని విప్పితే కాయిల్ మీద తడిసి ఎండిన దుమ్ము బూడిదరంగు దుప్పటిలా పేరుకుని ఉంది. కింది మూల ఒకచోట మాత్రం నల్లగా జిడ్డు. గ్యాస్‌తో పాటు ఆయిల్ కూడా తిరుగుతుంది కాబట్టి, కారిన చోట ఇలా జిడ్డు పట్టుకుంటుంది. లీక్ అక్కడే.

బిగించడమే అసలు పని

కొత్త కాయిల్‌తో పాటు ఎక్స్‌పాన్షన్ వాల్వ్, డ్రయర్, ఓ-రింగులు కూడా మార్చాడు. పాత ఓ-రింగ్‌ని మళ్లీ వేయడమంటే కొత్త లీక్‌ని పిలవడమే. హీటర్ కాయిల్‌ని, ఫ్లాప్ మోటార్లని కూడా అప్పుడే పరీక్షించాడు. ఎలాగూ విప్పారు కాబట్టి అనుమానం ఉన్న చిన్న పార్టులు ఇప్పుడే మార్చుకోవడం లాభం, మళ్లీ ఇదే లేబర్ ఇంకోసారి కట్టక్కర్లేదు.

డబ్బా చుట్టూ ఉండే స్పాంజి పట్టీలు కొత్తవి అంటించాడు. అవి లేకపోతే ఇంజిన్ వేడి, వాన నీళ్లు లోపలికి వస్తాయి. డ్రెయిన్ పైపు దాని రంధ్రంలో కూర్చుందో లేదో నీళ్లు పోసి చూశాడు.

డాష్‌బోర్డ్ పెట్టకముందే నైట్రోజన్‌తో లీక్ పరీక్ష, తర్వాత వ్యాక్యూమ్. వ్యాక్యూమ్ అంటే గాలి తీయడమే కాదు. పీడనం బాగా పడిపోతే మామూలు ఉష్ణోగ్రతలోనే నీళ్లు మరిగి ఆవిరైపోతాయి, పైపుల్లో మిగిలిన తేమ అలా బయటికి పోతుంది. పది నిమిషాల్లో ముగించే పని కాదు, కనీసం అరగంటైనా ఆగాలి. ఆ తర్వాత పంపు ఆపి ముల్లు నిలబడిందా చూడాలి. గ్యాస్‌ని బానెట్ కిందున్న స్టిక్కర్ ప్రకారం గ్రాముల్లో తూచి ఎక్కించాలి. ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద భారం పడుతుంది.

చివరగా కూలెంట్ నింపి, హీటర్ ఫుల్ వేడిలో పెట్టి ఇంజిన్ నడిపి, పైపుల్లో గాలి బుడగలు పోయేదాకా చూశాడు. ఈ ఒక్క మెట్టు దాటేస్తే ఏసీ బాగై ఇంజిన్ వేడెక్కే ప్రమాదం ఉంది.

ఎలక్ట్రిక్ కారైతే?

ఇంజిన్ లేదు కాబట్టి ఇంజిన్ వేడితో కాగే కూలెంట్ ఉండదు. చాలావాటిలో కరెంటుతో నడిచే హీటర్ ఉంటుంది. దానికి, కంప్రెసర్‌కి వెళ్లే ఆరెంజ్ రంగు కేబుళ్లలో ప్రాణాంతకమైన వోల్టేజ్ ఉంటుంది. కొన్ని మోడళ్లలో బ్యాటరీని చల్లబరిచేది కూడా ఏసీ గ్యాసే. వీటిని హై వోల్టేజ్ శిక్షణ ఉన్నవాళ్లే విప్పాలి.

సంతకం పెట్టేముందు అడగండి

• లీక్ కాయిల్‌లోనే అని ఏ పరీక్షతో తేల్చారు? నాకు చూపిస్తారా?

• ఫిల్టర్, రెసిస్టర్, కండెన్సర్, డ్రెయిన్ పైపు చూశారా?

• గ్యాస్‌ని మెషిన్‌లోకి తీస్తారా? తిరిగి గ్రాముల్లో తూచి నింపుతారా?

• డ్రయర్, ఓ-రింగులు ఎస్టిమేట్‌లో ఉన్నాయా?

• పాత పార్టులు నాకు ఇస్తారా? పనికి ఎన్ని నెలల వారంటీ? రాసివ్వమనండి.

కారు తీసుకునేటప్పుడు చూడండి

• ఎయిర్‌బ్యాగ్ లైటు కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. ఆరకపోతే బండి తీసుకోకండి.

• హారన్, వైపర్లు, మీటర్లు, అన్ని బ్లోయర్ స్పీడులు, గాలి దిశలు ఒక్కొక్కటీ నొక్కి చూడండి. స్టీరింగ్ కాలమ్ బోల్టులు బిగించారా అని అడగండి.

• ఏసీ వేసి పది నిమిషాలాగితే కారు కింద నీళ్లు పడాలి, కాళ్ల దగ్గర కాదు.

• మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఎగుడుదిగుడు రోడ్డు మీద ఒక రౌండ్ వేయండి.

బిల్లు కట్టాక కూడా పని సరిగా చేయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. ఎస్టిమేట్, బిల్లు, ఫొటోలు దాచుకోండి.

ఇక నియోపొలిస్ వైపు తిరిగేవాళ్లు చేయగలిగినవి రెండున్నాయి. సర్వీస్ పుస్తకంలో రాసిన గడువుకి ముందే ఫిల్టర్ తీసి చూసుకోవడం, వైపర్ల కింద జాలీలో ఆకులు ఏరేయడం. ఇల్లు చేరడానికి రెండు మూడు నిమిషాల ముందు ఏసీ ఆపి బ్లోయర్ మాత్రమే నడిపితే కాయిల్ మీది తడి కొంతైనా ఆరుతుంది, ముక్కవాసన తగ్గుతుంది. దీనికి డబ్బు ఖర్చు లేదు.